చెక్ భాష ఎక్కడెక్కడ మాట్లాడతారు? బ్ర్నో వెళ్లే తెలుగువారు దాన్ని నేర్చుకోవాలా?

నమస్కారం. మీ ప్రశ్న ఇది: చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నో నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఖాయమైంది, ఆఫీసులో పనంతా ఇంగ్లీషులోనే అన్నారు, మీ భార్య, నాలుగేళ్ల పాప కూడా మీతో వస్తున్నారు. చెక్ భాష ఆ ఒక్క దేశంలోనే మాట్లాడతారా, అది రష్యన్ లాంటిదేనా, కష్టపడి నేర్చుకుంటే మరెక్కడైనా అక్కరకు వస్తుందా, అసలు నేర్చుకోవడం అవసరమా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. చెక్ మాట్లాడేవారు కోటికి కొంచెం పైగా ఉంటారు. వారిలో చాలా ఎక్కువ భాగం ఒక్క చెక్ రిపబ్లిక్‌లోనే ఉన్నారు. సరిహద్దు దాటితే స్లొవేకియాలో మీ మాట అర్థమవుతుంది, అంతకు మించి మరెక్కడా రోజువారీ పనులకు అది ఉపయోగపడదు. అయినా ఆ దేశంలో ఒకటి రెండేళ్లకు మించి కాపురం ఉండదలచుకుంటే, ముఖ్యంగా చిన్నపిల్లతో, చెక్ నేర్చుకోవలసిందే. ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతుందన్న మాట నిజమే. కాని ఆఫీసు నుంచి బయటికి వచ్చాక ఎదురయ్యే పిల్లల బడి, మందుల షాపు, ఇంటి యజమాని, వీసా కార్యాలయం, పక్కింటి పెద్దావిడ, వీరందరి ప్రపంచం చెక్‌లోనే నడుస్తుంది.

నేను బ్ర్నోలోనే చెక్ భాషాశాస్త్రం చదివి, చాలా ఏళ్లుగా ఇక్కడికి వచ్చే భారతీయ ఉద్యోగులకు, విద్యార్థులకు ఆ భాష నేర్పుతున్నాను. ఆస్పత్రులలో, ప్రభుత్వ కార్యాలయాలలో దుబాసీగా కూడా వెళుతుంటాను. తెలుగువారికి ఈ భాషలో ఏది సులువుగా పట్టుబడుతుందో, ఏది అడ్డం తిరుగుతుందో ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మొదట భాష నేల గురించి. చెక్ రిపబ్లిక్ మూడు పాత ప్రాంతాల కలయిక: పడమట ప్రాగ్ కేంద్రంగా బొహీమియా, తూర్పున బ్ర్నో, ఒలొమోత్స్ నగరాలున్న మొరావియా, ఈశాన్యంలో ఒపవ చుట్టుపక్కల చిన్న ముక్కగా సైలీషియా. దేశం వైశాల్యం 78,871 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే చిన్నది. జనాభా కోటీ తొమ్మిది లక్షల దరిదాపు, అంటే ఇంచుమించు హైదరాబాదు మహానగరమంత. ఇంత తక్కువ మంది మాట్లాడే భాష అయినా, కిండర్‌గార్టెన్ నుంచి పీహెచ్‌డీ వరకు చదువు, శస్త్రచికిత్స, న్యాయస్థానం, అణువిద్యుత్తు, కవిత్వం అన్నీ అందులోనే సాగుతున్నాయి. 1984లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న యరొస్లవ్ సైఫెర్త్ చెక్ కవి. టీవీలో వచ్చే విదేశీ సినిమాలను, సీరియళ్లను ఎక్కువగా చెక్‌లోకి డబ్బింగ్ చేసే వేస్తారు కాబట్టి, యాభై దాటినవారిలో చాలామందికి ఇంగ్లీషు చెవికి అలవాటు లేదు. ఇక్కడి ఇంగ్లీషు గురించి ప్రాగ్ పాతబస్తీలోని పర్యాటక వీధులను చూసి అంచనా వేయవద్దని అందుకే అందరికీ చెబుతుంటాను.

ఈ నేల మీద చెక్ ఎప్పుడూ ఒంటరిగా లేదు. 1620లో తెల్లకొండ యుద్ధంలో చెక్ ప్రభువులు ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి చేతిలో ఓడిపోయాక, క్రమంగా పరిపాలన, ఉన్నత విద్య జర్మన్ వైపు మళ్లాయి. మీరు వెళ్లబోయే బ్ర్నో పంతొమ్మిదో శతాబ్దంలో ప్రధానంగా జర్మన్ మాట్లాడే నగరం. అక్కడి మఠంలో బఠాణీ మొక్కలు పెంచిన గ్రెగొర్ మెండెల్ తన పరిశోధనను 1866లో జర్మన్‌లోనే అచ్చువేయించాడు. ప్రాగ్ విశ్వవిద్యాలయం 1882లో చెక్, జర్మన్ భాగాలుగా చీలిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక దాదాపు ముప్పై లక్షల మంది జర్మన్ భాషీయులను దేశం నుంచి పంపివేయడంతో, శతాబ్దాలపాటు రెండు భాషల నేలగా ఉన్నది దాదాపు ఏకభాషా దేశమైపోయింది. ఈనాడు చాలా సరిహద్దు పల్లెల్లో కూడా చెక్ ఒక్కటే వినిపించడానికి కారణం అదే. ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్న భాషలు వలస వచ్చినవారివి: స్లొవాక్, ఉక్రేనియన్, వియత్నామీస్. వీధి చివర రాత్రి దాకా తెరచి ఉండే చిన్న కిరాణా దుకాణం చాలాసార్లు వియత్నాం కుటుంబానిదే అయి ఉంటుంది. వారి రెండో తరం పిల్లలు మాట్లాడే చెక్‌కూ స్థానికుల చెక్‌కూ తేడా తెలియదు.

స్లొవేకియా సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1993 జనవరి 1న చెకొస్లొవేకియా రెండు దేశాలుగా విడిపోయింది గాని, రెండు భాషల మధ్య చుట్టరికం తెగిపోలేదు. ఉమ్మడి దేశపు టీవీలో ఒకరు చెక్‌లో వార్త చదివితే మరొకరు స్లొవాక్‌లో చదివేవారు. జనం రెండూ వింటూ పెరిగారు. నేటికీ చెక్ పరిపాలనా చట్టం ప్రకారం కార్యాలయంలో స్లొవాక్‌లో మాట్లాడవచ్చు, స్లొవాక్ కాగితాలు ఇవ్వవచ్చు, అనువాదం అక్కర్లేదు. బ్ర్నో విశ్వవిద్యాలయాలలో స్లొవాక్ విద్యార్థులు చాలా ఎక్కువ. వారు తమ భాషలోనే ప్రశ్న అడుగుతారు, ప్రొఫెసర్ చెక్‌లో జవాబిస్తారు, తరగతిలో ఎవరికీ అది వింతగా తోచదు. అయితే మీ జట్టులో స్లొవాక్ సహోద్యోగి ఉంటే మొదటి ఏడాది ఆయన మాటను చూసి చెక్ నేర్చుకోకండి. రెండూ కలగలిసిపోయి తరవాత విడదీయడం కష్టమవుతుంది.

ఆ రెండు దేశాలు దాటాక మిగిలినవి ద్వీపాల వంటి చిన్న చిన్న సమూహాలు. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. చెక్ చరిత్ర బయటికి ఎలా పారిందో వీటిలో కనబడుతుంది.

రొమేనియాలో డాన్యూబ్ నది ఒడ్డున బనాత్ కొండల్లో స్వత హెలెన, గెర్నిక్, ఐబెంతాల్ వంటి చెక్ పల్లెలు ఉన్నాయి. 1820లలో అడవి నరికి వ్యవసాయం చేయడానికి హాబ్స్‌బర్గ్ పాలనలో బొహీమియా నుంచి వెళ్లిన రైతుల సంతతి వారు. ఆ పల్లెల్లోని పెద్దల మాటలో ఈనాటి ప్రాగ్‌లో వినిపించని పాత రూపాలు ఉంటాయి. కొత్త వస్తువుల పేర్లు మాత్రం రొమేనియన్ నుంచి వచ్చి చేరాయి. చెక్ ప్రభుత్వం అక్కడికి ఉపాధ్యాయులను పంపుతుంది. 1989 తరవాత యువకులు పనుల కోసం చెక్ రిపబ్లిక్‌కే తిరిగి రావడంతో ఊళ్లు పలచబడుతున్నాయి. క్రొయేషియాలోని దరువార్ పట్టణం చుట్టూ ఉన్న సమూహం దానికంటే గట్టిగా నిలబడింది: అక్కడ చెక్ బడులు, చెక్ పత్రిక ఉన్నాయి, పార్లమెంటులో చెక్, స్లొవాక్ అల్పసంఖ్యాకులకు కలిపి ఒక స్థానం కూడా ఉంది. వియన్నాలో 1900 ప్రాంతంలో లక్ష మందికి పైగా చెక్ మాట్లాడేవారు ఉండేవారు; ఇటుక బట్టీల్లో, దర్జీ దుకాణాల్లో, ధనికుల వంటిళ్లలో పనిచేసినవారి పిల్లల కోసం పెట్టిన కొమెన్‌స్కీ బడి ఇప్పటికీ నడుస్తోంది, ఆస్ట్రియా చెక్‌లను అధికారికంగా గుర్తించిన అల్పసంఖ్యాక వర్గంగానే చూస్తుంది. ఉక్రెయిన్‌లోని వొలీనియా ప్రాంతానికి 1860ల చివర నుంచి వెళ్లిన చెక్‌లలో అత్యధికులు రెండో ప్రపంచ యుద్ధం తరవాత స్వదేశానికి తిరిగి వచ్చేశారు.

అమెరికాలో నెబ్రాస్కా, అయోవా, షికాగో, టెక్సస్ చెక్ వలసకు పెద్ద గమ్యాలు. 1931లో షికాగో మేయర్‌గా ఎన్నికైన ఆంటన్ చెర్మాక్ బొహీమియాలోని క్లద్నో ప్రాంతంలో పుట్టినవాడే. డాలస్‌లో మీకు బంధువులు ఉంటే వారికి ఒక ఊరు తెలిసే ఉంటుంది: డాలస్ నుంచి ఆస్టిన్ వెళ్లే హైవే మీద, వేకోకు కొంచెం ముందు వచ్చే వెస్ట్ అనే చిన్న ఊరు. మన తెలుగు కుటుంబాలెన్నో అక్కడ కారు ఆపి కొలాచీలు కొనుక్కుంటాయి. అది చెక్‌ల ఊరు. ఆ పిండివంటను ఇక్కడ కొలాచ్ అంటారు, గసగసాల ముద్దో, ప్లమ్ పండ్ల గుజ్జో, జున్నులాంటి త్వరోహో పెట్టి చేస్తారు, ఎప్పుడూ తీపే. పందిమాంసపు సాసేజ్ చుట్టి చేసేది టెక్సస్‌లో పుట్టిన పద్ధతి. టెక్సస్‌కు వెళ్లినవారిలో ఎక్కువమంది ఈశాన్య మొరావియా పల్లెలవారు కాబట్టి అక్కడి చెక్‌లో ఆ మాండలికమే నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత పిల్లలు ఇంగ్లీషులోకి మారిపోయారు; ఇప్పుడు ధారాళంగా మాట్లాడేవారు వృద్ధులే. వారి మాటల రికార్డింగులను ఆస్టిన్‌లోని విశ్వవిద్యాలయంలో భద్రపరుస్తున్నారు. కాబట్టి చెక్ నేర్చుకున్నవారికి టెక్సస్‌లో అది ఉద్యోగం తెచ్చిపెట్టదు గాని, వెస్ట్ ఊరి శ్మశానంలో సమాధి రాళ్లు చదవగలుగుతారు; నా విద్యార్థి ఒకరు చదివి, ఫొటోలు నాకు పంపించారు.

ఇక రష్యన్ లాంటిదేనా అన్న ప్రశ్న. రెండూ స్లావిక్ కుటుంబానివే. కాని చెక్ పడమటి శాఖకు చెందినది, స్లొవాక్, పోలిష్, జర్మనీలోని సోర్బియన్ దాని దగ్గరి చుట్టాలు. లిపి లాటిన్, అక్షరాల మీద చుక్కలు, గీతలు, చిన్న కొక్కేలు ఉంటాయి. ఒక ధ్వనికి రెండు మూడు అక్షరాలు పేర్చడానికి బదులు అక్షరం మీద గుర్తు పెట్టే ఈ పద్ధతిని వివరించిన పదిహేనో శతాబ్దారంభపు చిన్న గ్రంథం, 1415లో కొన్‌స్టాంజ్‌లో సజీవదహనానికి గురైన మతసంస్కర్త యాన్ హుస్‌దని చెబుతారు. రష్యన్ తెలిసినవారికి చెక్ పదజాలం కొంత పరిచితంగా తోస్తుంది, మాట మాత్రం అర్థం కాదు. 1989 వరకు బడిలో రష్యన్ తప్పనిసరిగా ఉండేది, 1968 ఆగస్టులో సోవియట్ సేనలు దేశంలోకి చొరబడ్డాయి; ఈ రెండు కారణాల వల్ల పెద్దవారికి ఆ భాషంటే తెలియకపోవడం కంటే ఇష్టం లేకపోవడమే ఎక్కువ. ఎవరైనా మీకు రష్యన్ పదబంధాలు నేర్పి, వాటితో పని జరిగిపోతుందని చెబితే నమ్మకండి.

మీకు ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటి ఉంది: ఇక్కడ చెక్ భాష రెండు రకాలు. పుస్తకాల్లో, వార్తల్లో, దరఖాస్తుల్లో ఉండేది ఒకటి, బొహీమియాలో జనం నోట ఉండేది మరొకటి. జర్మన్ పెత్తనంలో వెనకబడిన భాషను తిరిగి నిలబెట్టాలని పూనుకున్న పండితులు పదహారో శతాబ్దపు సాహిత్య భాషను, క్రలిత్సె బైబిలు అనే చెక్ అనువాదం నాటి చెక్‌ను ప్రమాణంగా తీసుకున్నారు. యొసెఫ్ దొబ్రొవ్‌స్కీ 1809లో రాసిన వ్యాకరణం దాన్నే వర్ణించింది. యొసెఫ్ యుంగ్‌మన్ 1830లలో అయిదు సంపుటాల చెక్-జర్మన్ నిఘంటువుతో దానికి పదసంపద సమకూర్చాడు. ఈలోగా రెండు శతాబ్దాల్లో జనం మాట ఎక్కడికో వెళ్లిపోయింది. మన దగ్గర గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యమం వల్ల వ్యావహారికం పుస్తకాల్లోకి వచ్చింది. ఇక్కడ ఆ పని సగమే జరిగింది. పాలను పుస్తకంలో మ్లేకో అని రాసి ఇంట్లో మ్లీకో అంటారు. కిటికీని ఒక్నో అని రాసి, బొహీమియాలో వొక్నో అని పలుకుతారు. మనం ఒకటి అని రాసి వొకటి అని పలికే తీరే ఇది. తరగతిలో నేర్చుకున్న రూపం ఒకటి, పబ్బులో వినబడింది వేరొకటి కావడంతో, తనకు భాష రాలేదని దిగులు పడి మానేసినవారిని నేను చూశాను. మొదటే ఈ సంగతి తెలిసి ఉంటే వారు మానేవారు కాదు.

ఈ విషయంలో మీ అదృష్టం బాగుంది. మొరావియాలో, ముఖ్యంగా చదువుకున్నవారి మాటలో, పుస్తక రూపాలు ఎక్కువగా నిలిచి ఉన్నాయి కాబట్టి బ్ర్నోలో నేర్చుకునేవారికి తరగతికీ వీధికీ దూరం తక్కువ. బ్ర్నోకు తనదైన వాడుక లేకపోలేదు: ట్రామును దేశమంతా త్రమ్వై అంటే బ్ర్నోలో షలిన అంటారు, నెలవారీ పాసు షలిన్‌కర్త. ఆ మాట వాడిన విదేశీయుడిని చూసి బ్ర్నోవాళ్ల ముఖం విప్పారుతుంది. ఒస్త్రవ వైపు వెళితే దీర్ఘాలన్నీ హ్రస్వాలు చేసి వేగంగా మాట్లాడతారు. మొదట్లో అక్కడ ఏమీ అర్థం కాకపోతే గాభరా పడనవసరం లేదు.

ఇప్పుడు తెలుగు నోటికి చెక్ ఎలా వస్తుంది అన్న సంగతి. ఇంగ్లీషు వారికంటే మనకు సులువని నేను నమ్మకంగా చెబుతాను. చెక్‌లో హ్రస్వానికి, దీర్ఘానికి అర్థభేదం ఉంది, బిత్ అంటే ఫ్లాటు, బీత్ అంటే ఉండడం. పుట్టినప్పటి నుంచి పలక, పాలక తేడా పాటించిన మనకు ఇది నేర్పనక్కర్లేదు. వారి ప, త, క లు మన ప, త, క ల లాగే ఒత్తు లేకుండా పలుకుతాయి. చలి, చాలు అన్నప్పుడు మనం పలికే దంత్య చ కారం వారికి ఒక ప్రత్యేక అక్షరం. అచ్చు లేకుండా ర కారమే అక్షరమై నిలబడే బ్ర్నో, ప్ర్స్త్ వంటి మాటలు చూస్తే, సంస్కృతంలో ఋ, ఌ లను అచ్చులలో ఎందుకు లెక్కపెట్టారో అర్థమవుతుంది. దీర్ఘాలను తెలుగు లిపిలో స్పష్టంగా చూపవచ్చు కాబట్టి నేను మొదటి వారాల్లో విద్యార్థుల చేత కొత్త మాటలను తెలుగులోనే రాయిస్తాను.

అడ్డం తిరిగేవి కూడా ఉన్నాయి. ర కారాన్ని, ఝ కారాన్ని ఒకేసారి పలికినట్టుండే ఒక ధ్వని ఉంది, స్వరకర్త ద్వొర్షాక్ పేరులో వినిపించేది. దాన్ని చెక్ పిల్లలే స్పీచ్ థెరపిస్టు దగ్గర నేర్చుకుంటారు, మీకు రాకపోయినా ఎవరూ తప్పు పట్టరు. అంతకంటే ముఖ్యమైనది మన జ. చెక్‌లో దానికి దగ్గరగా ఉండే ధ్వనులు రెండు, మనవారు రెంటినీ ఒక్కలాగే పలికేస్తారు. ఒకటి పెడితే జీబ్రా, మరొకటి పెడితే పక్కటెముకలు. డాక్టరు దగ్గర ఈ తేడా అవసరమే. అన్నిటికంటే ప్రమాదం మాట చివర మనం చేర్చే ఉకారం. బస్సు, కోర్టు అని అలవాటైన నాలుక హల్లుతో ముగిసే చెక్ మాటకు కూడా తెలియకుండానే ఒక చిన్న ఉ తగిలిస్తుంది. ఇంగ్లీషులో అది యాస మాత్రమే. చెక్‌లో ఉకారం ఒక విభక్తి ప్రత్యయం. కొరున ఇక్కడి డబ్బు; అయిదు కొరునలు అనడానికి ప్యెత్ కొరున్ అనాలి. ప్యెత్ కొరును అంటే ఏకవచన ద్వితీయారూపం వచ్చిపడుతుంది. తెలుగు విద్యార్థులతో నేను మొదటి నెలంతా చేయించే కసరత్తు ఇదే, హల్లు దగ్గర నోరు మూసి ఆపడం.

వ్యాకరణంలో అందరూ భయపెట్టేవి ఏడు విభక్తులు. చెక్ బడుల్లో కూడా వాటిని మొదటిది, రెండోది అని అంకెలతోనే పిలుస్తారు, సంబోధన అయిదోది. మన క్రమానికి, వారి క్రమానికి పొంతన లేదు కాబట్టి వారిదే కొత్తగా గుర్తుపెట్టుకోవాలి. రైలు టికెట్టు మీద, స్టేషను ప్రకటనలో ఊరి పేరే మారిపోతుంది: ప్రాగ్ నగరం ప్రహ, ప్రాగ్‌కు అనాలంటే దొ ప్రహి, ప్రాగ్‌లో అనాలంటే వ్ ప్రజె. హకారం కాస్తా జకారమైంది. మనకు కి, లో, తో అన్న ప్రత్యయాలు మాట చివర అతుక్కుంటాయి. వారికి మాటకు ముందు ఒక చిన్న పదం, మాట చివర ఒక మార్పు, రెండూ కావాలి. విభక్తి అన్న భావన మనకు పరాయిది కాదు, పట్టికలను కంఠస్థం చేయడంలో మాత్రం దగ్గరదారి లేదు. సంఖ్యలూ అంతే: యెద్న కొరున, ద్వ్యె కొరుని, ప్యెత్ కొరున్. రెండు నుంచి నాలుగు వరకు ఒక రూపం, అయిదు నుంచి మరొక రూపం. దుకాణంలో చిల్లర లెక్కపెడుతూ నేర్చుకుంటే ఇది వారంలో వస్తుంది.

క్రియల్లో పని జరుగుతూ ఉండడానికి, పూర్తి కావడానికి వేర్వేరు రూపాలు ఉంటాయి. ఇంగ్లీషు ద్వారా వివరిస్తే ఇది తలకెక్కదు. తిన్నాను, తినేశాను అన్న మన జంటను గుర్తుచేసుకుంటే సగం భారం దిగిపోతుంది. ఆడవారు జాగ్రత్త పడవలసింది ఒకటి ఉంది. భూతకాలంలో నేను అన్నప్పుడు కూడా లింగభేదం ఉంటుంది, హిందీలో గయా, గయీ ఉన్నట్టు: పురుషుడు బిల్ సెమ్ అంటే స్త్రీ బిల సెమ్ అనాలి. భర్త దగ్గర నాలుగు వాక్యాలు నేర్చుకుని వచ్చిన గృహిణులు ఆ పురుష రూపాలే పలుకుతుంటారు.

మర్యాద విషయంలో మనకు ఇబ్బందే లేదు. మీరు, నువ్వు భేదం ఇక్కడా ఖచ్చితంగా ఉంది, చనువు కుదిరేదాకా అందరూ మీరే. నువ్వు అనుకుందామన్న ప్రతిపాదన వయసులో పెద్దవారు, లేదా స్త్రీ, లేదా పై అధికారి చేయాలి. దుకాణంలోకి, లిఫ్టులోకి, డాక్టరు గది బయట కూర్చునే చోటికి అడుగు పెట్టగానే దొబ్రీ దెన్ అని పలకరించాలి. ఇక్కడివారు బిగుసుకుని ఉంటారని మనవారు అంటుంటారు. పలకరించకుండా లోపలికి వచ్చినవారితోనే వారు అలా ఉంటారని నా అభిప్రాయం.

చట్టం వైపు నుంచి చూస్తే లెక్క ఇలా ఉంది. యూరోపియన్ యూనియన్ వెలుపలి నుంచి దీర్ఘకాలిక నివాసానికి వచ్చేవారిలో చాలామందికి 2021 నుంచి ఒక రోజు పరిచయ కోర్సు తప్పనిసరి. అక్కడ దుబాసీ ఉంటారు, భాష అక్కర్లేదు. అయిదేళ్ల తరవాత శాశ్వత నివాసానికి చెక్ పరీక్ష ప్యాసవ్వాలి. 2021 సెప్టెంబరు 1 నుంచి దాని స్థాయిని ఎ1 నుంచి ఎ2కు పెంచారు (యూరప్‌లో భాషా జ్ఞానాన్ని కొలిచే మెట్లలో ఎ1 మొదటిది, ఎ2 రెండోది, బి1 మూడోది). పౌరసత్వానికి బి1 స్థాయి, దానితోపాటు దేశ చరిత్ర, రాజ్యాంగం, జీవనం మీద మరో పరీక్ష కావాలి. ఉద్యోగం చేస్తూ ఎ2 చేరడానికి మామూలుగా రెండేళ్లు పడుతుంది. నాలుగో ఏడాది చివర్లో పరుగెత్తుకుంటూ వచ్చేవారికి నేను చేయగలిగింది తక్కువ. చదువు వైపు ఇంకొక లాభం ఉంది: ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చెక్ మాధ్యమంలో చదివితే ఏ దేశస్థులకైనా ట్యూషన్ ఫీజు ఉండదు, ఇంగ్లీషు మాధ్యమానికి ఉంటుంది. మీ పాప ఇక్కడే పెరిగితే పద్నాలుగేళ్ల తరవాత ఈ వాక్యం విలువ తెలుస్తుంది.

పాప గురించి బెంగ పెట్టుకోకండి. అయిదేళ్లు నిండాక వచ్చే సెప్టెంబరు నుంచి కిండర్‌గార్టెన్ చివరి సంవత్సరం తప్పనిసరి, అది విదేశీ పిల్లలకూ వర్తిస్తుంది. మొదటి కొన్ని నెలలు పిల్లలు అక్కడ నోరు విప్పరు. ఆ మౌనాన్ని చూసి ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. దయచేసి అలా చేయవద్దు. ఇంట్లో తెలుగు, బడిలో చెక్ అని పిల్లలు తేలిగ్గా విడదీసుకుంటారు. అసలు చిక్కు తల్లికి వస్తుంది. నేను దుబాసీగా వెళ్లిన ఒక ప్రసవంలో డాక్టరుకు ఇంగ్లీషు బాగా వచ్చు, కాని రాత్రంతా పక్కన ఉండే నర్సులకు రాదు. ఆ అమ్మాయి నొప్పి ఎక్కడో చెప్పలేక, నేను తెల్లవారి వచ్చేదాకా ఓర్చుకుంది. తరవాత ఆవిడే పార్కులో ఇసుక గుంట పక్కన కూర్చుని, మిగతా తల్లులతో మాట కలుపుతూ, నా తరగతిలోని ఇంజినీర్లందరికంటే వేగంగా చెక్ నేర్చుకుంది.

బయలుదేరే ముందు మీరు చేయవలసినవి కొన్ని చెబుతాను. అక్షరాలు వాటి గుర్తులతో సహా చదవడం, అంకెలు, పలకరింపులు, మీ పేరు, చిరునామా చెప్పడం వస్తే చాలు, విభక్తి పట్టికలు ఇక్కడికి వచ్చాక చూద్దాం. గడియారం మాత్రం అక్కడే నేర్చుకుని రండి: పూల్ ఒస్మే అన్న మాటలో ఎనిమిది వినబడుతుంది, కాని దాని అర్థం ఏడున్నర, ఎనిమిదో గంటలో సగం అని. దాన్ని ఎనిమిదిన్నర అనుకుని డాక్టరు అపాయింట్‌మెంటుకు గంట ఆలస్యంగా వెళ్లినవారిని ప్రతి ఏటా చూస్తుంటాను. వచ్చాక ప్రైవేటు ట్యూషనుకు డబ్బు పోసే ముందు ప్రాంతీయ విదేశీయుల సహాయ కేంద్రానికి వెళ్లండి. దేశంలోని ప్రతి ప్రాంతంలోనూ అటువంటి కేంద్రం ఉంది, యూరోపియన్ యూనియన్ వెలుపలి నుంచి వచ్చినవారికి అక్కడ చెక్ కోర్సులు ఉచితంగా నడుస్తాయి, దుబాసీ సాయం కూడా దొరుకుతుంది. సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి నివాస కార్డు చేతికి రాగానే నమోదు చేయించుకోండి, మీ పేరుకంటే ముందు మీ భార్య పేరు రాయించండి.